సిరోంచలో ఒక క్లాసు

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర. సిరోంచలో బోర్డులు మరాఠీలో ఉన్నా చాయ్ కొట్టు దగ్గర కబుర్లన్నీ తెలుగే. నేను ఫోరెన్సిక్ మెడిసిన్, అంటే పోలీసు కేసుల్లో చావులను పరీక్షించే వైద్యం చెప్తాను. ఊరూరా తిరిగి పనిచేసే కుర్రాళ్లకు శవం ఎవరిదో ఎలా గుర్తిస్తారో చెప్పమని అక్కడి వకీలు మిత్రుడు పిలిచాడు.

ఈ గడ్చిరోలి జిల్లాకు అది పుస్తకాల విషయం కాదు. 2018 ఏప్రిల్‌లో ఇక్కడి అడవుల్లో పోలీసులకూ మావోయిస్టులకూ మధ్య ఎదురుకాల్పుల్లో 40 మంది చనిపోయారు. కొన్ని మృతదేహాలను తర్వాత ఇంద్రావతి నీళ్లలోంచి తీశారు. నానిపోయిన ముఖాన్ని ఫొటోలో చూపిస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేకపోవచ్చు.

"డీఎన్ఏ తీస్తే అయిపాయె గద సారూ?" అన్నాడు ముందు వరసలో కుర్రాడు. అందరూ అలాగే అనుకుంటారు, సినిమాల పుణ్యం. ఎముకలోంచి డీఎన్ఏ తీసినా, పక్కన పెట్టి చూడటానికి తల్లిదో తండ్రిదో పిల్లలదో తోబుట్టువులదో రక్తం లేకపోతే అది ఎవరిదో చెప్పదు.

స్రెబ్రెనిత్సా సంగతి చెప్పాను. 1995 జులైలో బోస్నియాలోని ఆ ఊరి చుట్టుపక్కల 8,000 మందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను చంపారు. చంపినవాళ్లే తర్వాత యంత్రాలతో గోతులు తవ్వి శవాలను వేరే చోట్లకు తరలించారు. ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. అయినా ఇంచుమించు 7,000 మందికి పేర్లు దొరికాయంటే, బంధువులు ఎక్కడెక్కడి నుంచో రక్తం ఇవ్వబట్టే. అర్జెంటీనాలో 1984లో అమెరికా నిపుణుడు క్లైడ్ స్నో విద్యార్థులకు ఈ పని నేర్పినప్పుడు డీఎన్ఏ పరీక్షే లేదు. ఎప్పుడో విరిగి అతికిన ఎముక, పంటి వరస, తుంటి ఎముక చెప్పే వయసు. వీటిని ఇంట్లోవాళ్లు చెప్పినదానితో సరిచూసేవాళ్లు.

మన దగ్గర రూల్ లేక కాదు. ఎన్‌కౌంటర్ చావుల మీద సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది, అదీ మహారాష్ట్ర కేసులోనే. మృతుడిని గుర్తించాలి, కలర్ ఫొటోలు తీయాలి, జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, వీడియో తీయాలి, దగ్గరి బంధువులకు వీలైనంత త్వరగా చెప్పాలి. బాగానే ఉంది. కానీ సిరోంచ నుంచి జిల్లా ఆసుపత్రి దాదాపు 200 కిలోమీటర్లు, మధ్యలో అడవి, ఆ రోడ్డు సంగతి ఎస్టీ బస్సు (మహారాష్ట్ర ఆర్టీసీ బస్సు) ఎక్కినవాళ్లకే తెలుసు. చనిపోయినవాడి ఊరు నది అవతల తెలంగాణలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఉంటే కబురు అందేదెప్పుడు, అమ్మ వచ్చేదెప్పుడు?

మధ్యాహ్నం అందరం కూర్చున్నాం, కనిపించకుండా పోయినవాళ్ల గురించి ఇంట్లో అడిగే ప్రశ్నల కాగితం రాయడానికి. పళ్ల రికార్డు అని రాయబోతే వకీలు నవ్వాడు: "పళ్ల డాక్టర్‌ను చూసినోళ్లే లేరన్నా." కొట్టేశాం. పచ్చబొట్టు ఎక్కడ, ఏం బొమ్మ, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడా, ఏ చెయ్యి విరిగింది, ముందు పన్ను ఊడిందా అని రాశాం. పంటి మీద ఖర్రా (వక్క, పొగాకు కలిపి నమిలేది) మరక కూడా చేర్చమన్నాడొకడు. అది ఊరందరికీ ఉంటుందని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. కాగితం తెలుగు, మరాఠీ, ఇక్కడి ఆదివాసుల భాష మాడియాల్లో ఉండాలన్నారు. మాడియా రాయడానికి ఇద్దరు ముందుకొచ్చారు.