అరువు కోటులో లెఫ్టినెంట్

జేమ్స్ ఫెయిర్‌హోమ్ ఫోటో చూసినవాళ్ళెవరైనా అతను కమాండర్ అనే అనుకుంటారు. భుజాల మీద హోదా చూపే ఎపాలెట్లు, వాటికి లంగరు గుర్తులు, నిండా బొత్తాల కోటు. అతను అప్పటికి వట్టి లెఫ్టినెంట్. 1845 మే నెలలో, థేమ్స్ నది మీద గ్రీన్‌హైత్ దగ్గర ఆగి ఉన్న ఎరెబస్ అనే ఓడలోకి ఫోటోలు తీసే మనిషి వచ్చాడు. ఫెయిర్‌హోమ్ తన కోటు తెచ్చుకునే శ్రమెందుకని పై అధికారి ఫిట్జ్‌జేమ్స్ కోటు తొడుక్కుని కూర్చున్నాడు. ఆ సంగతి ఇంటికి రాసిన ఉత్తరంలో తనే చెప్పుకున్నాడు. ఈ ఫోటోలో నేను మరీ పెద్దవాడిలా ఉన్నానని మా నాయకుడి భార్య లేడీ ఫ్రాంక్లిన్ అంటోంది, ఒంటి మీదున్నది ఫిట్జ్‌జేమ్స్ కోటు కాబట్టి కమాండర్‌లా కనిపిస్తాను, నిజంగా కమాండర్ అయ్యాక ఈ ఫోటో భలే పనికొస్తుంది అని.

ఆ ఉత్తరం సంగతి తెలిసినప్పటి నుంచి ఆ ఫోటోలన్నీ నాకు వేరేగా కనిపిస్తున్నాయి. మా నాన్న తెనాలిలో ఫోటో స్టూడియో నడిపేవారు. స్టూడియోలో మేకుకి ఒక నల్ల కోటు, ముడి వేసి ఉంచిన టై ఎప్పుడూ వేలాడుతుండేవి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే కుర్రాళ్ళు, పెళ్ళిచూపులకు ఫోటో పంపాల్సినవాళ్ళు, అందరికీ అదే కోటు. బక్కగా ఉన్నవాళ్ళకి వీపు వెనక క్లిప్పు పెట్టి బిగించేవారు. ఎవరి కోటైతేనేం, ఆ ఫోటో చూసి ఇంట్లోవాళ్ళు మురిసిపోయేవారు. ఫెయిర్‌హోమ్ మొహంలో నాకు ఆ కుర్రాళ్ళే కనిపిస్తారు. అందుకే ఈ ఫోటోల గురించి రాయాలనిపించింది.

ఆ ఓడ వెళ్ళేది ఉత్తర ధ్రువ ప్రాంతానికి. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు కెనడా పైనున్న మంచు దీవుల మధ్యగా దారి ఉందేమో కనిపెట్టాలని బ్రిటిష్ నౌకాదళం ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడల్ని సిద్ధం చేసింది. నాయకుడు సర్ జాన్ ఫ్రాంక్లిన్, వయసు 59. మూడేళ్ళకు సరిపడా తిండి, పుస్తకాలు, మంచును తట్టుకోవడానికి ముందు భాగాన ఇనుప తొడుగు, ఆవిరి యంత్రాలు అన్నీ ఎక్కించారు. మే 19న ఓడలు బయల్దేరాయి. సరిగ్గా దానికి ముందు, అధికారుల ఫోటోలు తీయించాలని పట్టుబట్టి ఏర్పాటు చేసింది ఫ్రాంక్లిన్ భార్య జేన్. ఆమెకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆవిడే పూనుకోకపోతే ఈ మనుషుల్లో చాలామంది మొహాలు మనకి తెలిసేవే కాదు.

ఫోటోలు తీసింది రిచర్డ్ బియర్డ్ స్టూడియో తరఫున వచ్చిన మనిషి. బియర్డ్ బొగ్గు వ్యాపారి. వెండి పూత రేకు మీద ఫోటో తీసే డాగెరోటైప్ పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం 1839లో లోకానికంతా ఉచితంగా ఇచ్చేసినా, ఇంగ్లండ్‌లో మాత్రం దానికి పేటెంట్ ఉండేది. ఆ హక్కులు కొనుక్కుని, 1841లో లండన్ రీజెంట్ స్ట్రీట్‌లోని పాలిటెక్నిక్ భవనంలో బియర్డ్ స్టూడియో తెరిచాడు. ఇంగ్లండ్‌లో జనం డబ్బులిచ్చి ఫోటో దిగిన మొదటి స్టూడియో అదే. అంటే ఎరెబస్ మీదికి కెమెరా వచ్చేనాటికి ఆ దేశంలో ఫోటో స్టూడియో అనేదానికి నాలుగేళ్ళ వయసు.

ఆ పని ఎలా చేసేవారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఇష్టమైనది ఇక్కడే ఉంది. రాగి రేకు మీద పల్చగా వెండి పూత. దాన్ని అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. చిన్న మరక ఉన్నా మొహం మీద మచ్చ పడుతుంది. తర్వాత చీకట్లో అయోడిన్ ఆవిరి పట్టించాలి. వెండి పసుపు రంగులోకి తిరుగుతుంది, అప్పుడే దానికి వెలుతురును పట్టే గుణం వస్తుంది. మొదట్లో ఎండలో కూడా నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. బియర్డ్ దగ్గర పనిచేసిన గొడార్డ్ అనే ఆయన అయోడిన్‌తో పాటు బ్రోమిన్ కూడా వాడితే సమయం బాగా తగ్గుతుందని తేల్చాడు. ఆ తర్వాతే మనుషుల ఫోటోలు వ్యాపారంగా నిలబడ్డాయి. ప్లేటు కెమెరాలోంచి తీశాక దాని మీద ఏమీ కనిపించదు. కింద పాదరసం పెట్టి వేడి చేస్తే ఆ ఆవిరి తగిలి మొహం మెల్లగా పైకి తేలుతుంది. పాదరసం ఆవిరి విషం, ఆ పని చేసినవాళ్ళు దాన్ని రోజూ పీల్చారు. ఆఖరున బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో అనే మందులో కడిగి, బంగారు లవణంతో పూత పట్టించి, గాలి తగలకుండా గాజు వెనక బిగిస్తారు.

హైపో అన్నచోట నేను ఆగిపోయాను. మా నాన్న డార్క్ రూమ్‌లో ట్రేలో కలిపింది కూడా ఆ మందే. ఆయన చేతులకి ఎప్పుడూ ఆ వాసన ఉండేది, అన్నం కలిపేటప్పుడు కూడా. నూట నలభై ఏళ్ళలో కెమెరాలు మారాయి, గాజు పోయి ఫిల్ము వచ్చింది, హైపో మాత్రం అలాగే ఉంది.

డాగెరోటైప్‌కి నెగిటివ్ ఉండదు. ఒక ప్లేటుకి ఒకటే బొమ్మ. ఇంకో కాపీ కావాలంటే మనిషిని మళ్ళీ కూర్చోబెట్టాలి, లేదా ఆ ప్లేటుకే ఫోటో తీయాలి. అరచేతిలో ఇమిడే సైజు. పైగా అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా, కుడి ఎడమగా పడుతుంది. కాబట్టి తిప్పకుండా అచ్చువేసిన చోటల్లా కోటు బొత్తాలు రెండో వైపున ఉన్నట్టు కనిపిస్తాయి. పుస్తకాలవాళ్ళు, వెబ్‌సైట్లవాళ్ళు కొందరు తిప్పి వేస్తారు, కొందరు తిప్పరు.

మొత్తం 14 మంది. ఫ్రాంక్లిన్‌కి ఆ రోజుల్లో ఫ్లూ. రెండు కొమ్ముల టోపీ, పతకాలు అన్నీ ఉన్నా మొహం వాడిపోయి ఉంది, కళ్ళు బరువుగా ఉన్నాయి. మా నాన్న అయితే "జ్వరం తగ్గాక రండి, ఫోటో ఎక్కడికీ పోదు" అని పంపేసేవారు. కానీ ఇక్కడ ఓడ వెళ్ళిపోతోంది మరి. ఫిట్జ్‌జేమ్స్ చేతిలో టెలిస్కోపు ఉంటుంది, అతనికి కెమెరా ముందు బెరుకు లేదు. లె వెస్కాంట్ అనే లెఫ్టినెంట్ ఫోటోలో వెనక ఓడ చుక్కాని చక్రం కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన వివరం అది, మనుషులతో పాటు ఓడ కూడా పడిన చోటు. టెర్రర్ కెప్టెన్ క్రోజియర్ మొహంలో మాత్రం పండగ కళ లేదు. టెర్రర్ నుంచి ఫోటో దిగింది ఆయనొక్కడే, తక్కిన 13 మందీ ఎరెబస్ వాళ్ళు.

ఆ లెక్క నన్ను వదలదు. గ్రీన్‌లాండ్ దాటి ముందుకు వెళ్ళినవాళ్ళు 129 మంది. ఫోటో ఉన్నది 14 మందికి. వంటవాళ్ళు, వడ్రంగులు, తెరచాపలు లాగేవాళ్ళు, ఇంజన్‌కి బొగ్గు వేసేవాళ్ళు, క్రోజియర్ తప్ప టెర్రర్ అధికారులంతా, వీళ్ళలో ఎవరినీ కెమెరా ముందు కూర్చోబెట్టలేదు. మా స్టూడియోకి ఏటా కొందరు వచ్చేవాళ్ళు. చేతిలో మాసిపోయిన పెళ్ళి గ్రూప్ ఫోటో. అందులో మూడో వరసలో సగం కనిపించే మొహం చూపించి, "మా నాన్నది ఇదొక్కటే ఉంది బాబూ, దండ వేయడానికి పెద్దది చేసిపెట్టండి" అనేవారు. నాన్న ఆ గోరంత మొహాన్ని పెద్దది చేసి, పెన్సిల్‌తో టచింగ్ చేసి, కళ్ళు తేటగా కనిపించేదాకా గంటలకొద్దీ కూర్చునేవారు. ఆ నావికుల ఇళ్ళల్లో ఆ మూడో వరస మొహం కూడా లేదు.

వాళ్ళెవరూ తిరిగి రాలేదు. 1845 జులైలో బాఫిన్ బే దగ్గర తిమింగలాల వేటగాళ్ళు ఆ ఓడల్ని చూశారు, అదే ఆఖరు. కింగ్ విలియం దీవిలో రాళ్ళ గుట్టలో పెట్టిన కాగితం ఒకటి 1859లో దొరికింది. ఫ్రాంక్లిన్ 1847 జూన్ 11న చనిపోయాడని, ఓడలు మంచులో చిక్కుకుపోయాయని, 1848 ఏప్రిల్ నాటికి 105 మంది మిగిలారని, నడిచి దక్షిణానికి వెళ్తున్నామని అందులో ఉంది. కింద క్రోజియర్, ఫిట్జ్‌జేమ్స్ సంతకాలు. నడిచినవాళ్ళు దారి పొడవునా పడిపోయారు.

ఇంట్లో పెట్టుకోవడానికి తీయించిన ఆ ఫోటోలు చాలా కాలం తర్వాత ఇంకో పనికి వచ్చాయి. 1869లో ఆ దీవిలో దొరికిన ఒక అస్థిపంజరాన్ని ఇంగ్లండ్ తెచ్చారు. లె వెస్కాంట్‌ది అయ్యుంటుందని గ్రీనిచ్‌లో స్మారకం కింద పెట్టారు. 2009లో ఆ స్మారకాన్ని కదిలించాల్సి వచ్చినప్పుడు మళ్ళీ పరీక్ష చేశారు. పళ్ళలోని రసాయన గుర్తుల్ని బట్టి ఆ మనిషి పెరిగింది లె వెస్కాంట్ పెరిగిన డెవన్‌లో అయ్యే వీలు లేదు, స్కాట్లండ్ వైపు అయ్యుండాలి. పంటికి బంగారం నింపి ఉంది. పుర్రెను బట్టి మొహం తయారుచేసి డాగెరోటైప్‌లతో పోల్చారు. ఎక్కువగా సరిపోయింది అసిస్టెంట్ సర్జన్ హ్యారీ గుడ్‌సర్‌కి. ఖాయంగా ఆయనదే అనలేదు, ఎక్కువ అవకాశం ఉందన్నారు. ఫోటో లేకపోతే ఆ మాట కూడా అనగలిగేవారు కాదు.

ఫిట్జ్‌జేమ్స్ సంగతి రాయడం కష్టంగా ఉంది. 2024లో ఒక దవడ ఎముకను అతని వంశానికి చెందిన బంధువు డీఎన్ఏతో పోల్చి అతనిదేనని తేల్చారు. దాని మీద కత్తి గాట్లు ఉన్నాయి. ఆకలికి తట్టుకోలేక బతికినవాళ్ళు చచ్చిపోయినవాళ్ళని తిన్నారని ఆ మంచు ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ జనం 1854లోనే జాన్ రే అనే ఆయనకి చెప్పారు. ఆ మాట లండన్‌లో నమ్మలేదు సరికదా, చెప్పినవాళ్ళ మీదే నిందలు వేశారు. ఆ దవడ చూశాక వాళ్ళు చెప్పింది నిజమని ఒప్పుకోక తప్పదు. ఆ వార్త చదివి మళ్ళీ ఫెయిర్‌హోమ్ ఫోటో తీసి చూశాను. ఒంటి మీద ఆ మనిషి కోటే.

డీఎన్ఏతో మొట్టమొదట పేరు తేలింది మాత్రం ఫోటో లేని మనిషికి. జాన్ గ్రెగరీ, ఎరెబస్ ఇంజనీర్, ఆవిరి యంత్రం చూసుకునేవాడు. 2021లో ఒక వారసుడి డీఎన్ఏ ద్వారా అతని ఎముకలని గుర్తుపట్టారు. 1845 జులైలో గ్రీన్‌లాండ్ నుంచి భార్య హన్నాకి అతను రాసిన ఉత్తరం ఉంది. చేతిరాత ఉంది, ఎముకలు ఉన్నాయి, మొహం లేదు. బియర్డ్ మనిషి కెమెరా సర్దుకుని దిగిపోయేటప్పుడు, అదే ఓడలో, బహుశా పది పన్నెండు అడుగుల కిందే ఇంజన్ దగ్గర గ్రెగరీ పనిలో ఉండి ఉంటాడు. పైకి రమ్మని ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. దానికి ఇంకో ప్లేటు, ఇంకో పది నిమిషాలు. అధికారుల వరకు చాలు అనుకున్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ 14 ప్లేట్లకి రెండు సెట్లు చేశారు. ఒకటి కేంబ్రిడ్జ్‌లో స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. రెండోది కుటుంబంలో ఉండి, 2023లో లండన్‌లో సోదబీస్ వేలంలో 4 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఓడలు వెళ్ళేటప్పుడు ఒక డాగెరోటైప్ కెమెరా కూడా వెంట తీసుకెళ్ళారు. ఆ ప్రయాణంలో తీసిన ప్లేటు ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. చలికి పాదరసం వేడెక్కించడం, ఊపిరి తగిలితే మంచు పేరుకునే ప్లేటును మెరుగుపెట్టడం ఎంత కష్టమో ఊహించుకోగలను. అయినా మూడు చలికాలాలు మంచులో కట్టిపడేసినట్టున్న మనుషులు కెమెరా పెట్టె తెరవకుండా ఉంటారా? ఒక ఎండ రోజున డెక్ మీద అందరినీ నిలబెట్టి ఒక్కటైనా తీసి ఉంటారని నా నమ్మకం.

ఎరెబస్ 2014లో, టెర్రర్ 2016లో నీటి అడుగున దొరికాయి. ఎరెబస్ ఏ వైపు మునిగిందో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది ఇన్యూట్ జనమే, వెతుకులాటకి ఆ మాటలే దారి చూపాయి. 2019లో టెర్రర్‌లోకి చిన్న కెమెరా యంత్రాన్ని పంపితే కెప్టెన్ గది సొరుగులు ఇంకా మూసే ఉన్నాయి, లోపలంతా ఒండ్రు పేరుకుని ఉంది. ఉప్పు నీళ్ళు వెండికి మంచివి కావు, కానీ ఆ చలి, ఆ చీకటి, ఆ ఒండ్రు ఎంతో కొంత కాపాడి ఉండొచ్చు. ఓడల్లోంచి తీసిన వస్తువులు చాలావరకు ఇప్పుడు కెనడాకి, ఇన్యూట్ సంస్థకి ఉమ్మడి ఆస్తి. ఒక్క ప్లేటు దొరికినా దాన్ని ముందుగా లండన్‌కో ఒట్టావాకో కాకుండా, కింగ్ విలియం దీవిలోని జోవా హేవెన్ ఊరికి తీసుకెళ్ళి అక్కడి పెద్దవాళ్ళకి చూపించాలి.