తూకం వేరు, లెక్క వేరు

ఫిబ్రవరి, బుధవారం.

పొద్దున్న రైతుబజారులో ఉల్లికాడలు బాగానే వచ్చాయి. కూరకు లేత కాడ కావాలి, విద్యార్థులకు కణవిభజన చూపించే మా ల్యాబ్‌కు పూమొగ్గ పట్టిన కాడ కావాలి. ముదిరిందని అమ్మేవాళ్లు పక్కన పడేసేదే ఇక్కడ అసలు సరుకు. గుత్తి మీది పల్చటి పొర చీలకముందే తీసుకోవడం మేలు. విచ్చుకోబోయే మొగ్గలో మియోసిస్ (వరుసగా రెండు విభజనలతో క్రోమోజోముల సంఖ్య సగమయ్యే ప్రక్రియ) ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది, దొరికేది పుప్పొడే.

మొగ్గలు వెంటనే, కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపే కార్నాయ్ ద్రావణంలో పడ్డాయి: మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, అప్పటికప్పుడు కలిపింది. విశాఖ గాలిలో ఆల్కహాల్ సీసా మూత తీసి ఉంచితే తేమ పీల్చేస్తుంది. 24 గంటలయ్యాక 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇవాళ్టి స్లైడ్లు పోయిన వారం మొగ్గలవి. స్లైడుకు ఒకే పరాగకోశం (పుప్పొడి తయారయ్యే తిత్తి), ఒక చుక్క ఎసిటోకార్మిన్ రంగు, ఇనుప సూదితో చిదమడం (ఆ కాస్త ఇనుమే రంగును ముదురు చేస్తుంది). స్పిరిట్ దీపం మీద వెచ్చబెట్టాలే గానీ మరగనివ్వకూడదు. బ్లాటింగ్ కాగితం వేసి నొక్కేటప్పుడు కవర్‌స్లిప్ పక్కకు జరిగితే కణాలన్నీ చుట్టుకుపోతాయి, ఆ స్లైడు ఇక పనికిరాదు.

ఉల్లిలో 16 క్రోమోజోములు. ఒక సెట్టు, అంటే 8 క్రోమోజోముల, నకలు కాని డీఎన్‌ఏ తూకాన్ని 1సీ అంటారు. విభజనకు ముందు కణంలో డీఎన్‌ఏ 2సీ, అంటే సుమారు 33.5 పికోగ్రాములు. ఎస్ దశ (డీఎన్‌ఏ నకలు తయారయ్యే దశ) దాటాక 4సీ, దాదాపు 67. విద్యార్థుల రికార్డుల్లో సగం తప్పులు ఇక్కడే: డీఎన్‌ఏ రెట్టింపైంది కనుక క్రోమోజోములు 32 అని రాసేస్తారు. రైతుబజారులో కొబ్బరికాయ లెక్కన, ఉల్లి తూకాన అమ్ముతారు కదా, అలాగే ఇక్కడా రెండు కొలతలు. తూకం పెరిగింది, లెక్క పెరగలేదు. అక్కాచెల్లెళ్ల క్రోమాటిడ్లు, అంటే నకలు తీశాక వచ్చిన రెండు ప్రతులు, ఒకే సెంట్రోమియర్ (క్రోమోజోము మీది ముడి లాంటి చోటు) దగ్గర అతుక్కుని ఉన్నంతసేపూ అది ఒక్క క్రోమోజోమే. సెంట్రోమియర్లను లెక్కపెడితే చాలు, తికమక ఉండదు.

మొదటి విభజనలో జతలు విడిపోతాయి, సెంట్రోమియర్ చీలదు. 16 కాస్తా 8, 4సీ కాస్తా 2సీ. ఉల్లిలో మొదటి విభజన కాగానే మధ్యలో గోడ కట్టుకుంటుంది కనుక జంట కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ జంటలో ఒక్కో కణం, వేరుకొనలో ఇంకా డీఎన్‌ఏ నకలు మొదలుపెట్టని మామూలు కణం, రెండింటి తూకమూ 2సీయే. లెక్క మాత్రం 8, 16. ఈ ఒక్క పోలిక బోర్డు మీద వేస్తే చాలనిపిస్తుంది.

రెండో విభజన సమవిభజన (మామూలు కణం క్రోమోజోముల సంఖ్య మారకుండా రెండయ్యే పద్ధతి) లాంటిదేనని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే చిక్కు. మధ్యలో ఎస్ దశ లేదు కనుక ఇక్కడ 2సీ నుంచి 1సీకి, అంటే 16.75కు దిగుతుంది. లెక్క మాత్రం 8కి 8. మొదటి విభజనలో ఒక జత విడిపోకపోతే నాలుగు కణాలూ చెడ్డవే: రెండింట 9, రెండింట 7. రెండోదాంట్లో ఒక కణంలో పొరపాటైతే రెండు బాగుంటాయి, ఒకటి 9, ఒకటి 7.

ముదిరిన పుప్పొడి చూసి 1సీ అనుకోవడమూ ప్రమాదమే. రేణువు లోపల మళ్లీ సమవిభజన ఉంది, దానికి ముందు డీఎన్‌ఏ నకలు జరిగి 2సీ అవుతుంది. 1సీ కావాలంటే నాలుగూ ఇంకా కలిసి ఉన్న గుంపులోనే కొలవాలి.

కార్మిన్‌తో తూకం తేలదు, ఆకారమే తెలుస్తుంది. కొలవాలంటే డీఎన్‌ఏ ఎంతుంటే అంత రంగు పట్టే ఫాయిల్గెన్ వర్ణనం: ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు, తర్వాత చీకట్లో షిఫ్ కారకం (రంగు పట్టించే ద్రవం). ఆమ్లంలో తక్కువసేపు ఉంటే రంగు పట్టదు, ఎక్కువసేపు ఉంటే డీఎన్‌ఏ కరిగి రంగు మళ్లీ వెలుస్తుంది. వేర్లూ మొగ్గలూ ఒకే నీటితొట్టిలో ఒకే సమయం ఉంటేనే పోల్చడానికి వీలు.

సాయంత్రం చూస్తే షిఫ్ సీసాలో ద్రవం గులాబీ రంగుకు తిరిగింది, అంటే చెడిపోయినట్టే. రేపు ముందు అది పారబోసి కొత్తది కలపాలి.