సున్నితం వేరు, జబ్బు వేరు

ఇంట్లో నన్ను అత్తిపత్తి అనేవాళ్లు. ఎవరైనా ఓ మాటంటే అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. అన్నయ్యనీ అంతే తిట్టేవాళ్లు. వాడు కాసేపటికే బ్యాటు పట్టుకుని వెళ్లిపోయేవాడు. నేను వారమంతా ఆ మాటనే తవ్వుకునేదాన్ని. "ఇంత పొగరైతే ఎలాగే" అనేది అమ్మమ్మ.

విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో బైపీసీలో చేరాను. వీకెండ్ టెస్ట్ మార్కులను బట్టి అక్కడ సెక్షన్లు మార్చేవారు. కింది సెక్షన్‌కి దించితే బ్యాగు తీసుకుని అందరూ చూస్తుండగా బయటికి నడవాలి. సెకండియర్‌లో నన్నూ దించారు. ఆ తర్వాత నిద్ర చెడింది. తెల్లవారకుండానే మెలకువ వచ్చేది, చదివింది బుర్రకెక్కేది కాదు. నాన్న అప్పు చేసి కట్టిన ఫీజే కళ్లముందు తిరిగేది. నేను లేకపోతే వీళ్లకి ఆ ఖర్చయినా తప్పుతుంది అనుకునేదాన్ని. విచిత్రమేమిటంటే, అది బాధగా కాదు, సరైన లెక్కలా తోచేది.

సంక్రాంతి సెలవుల్లో పిన్ని నన్ను పక్కకి పిలిచి, "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మలూ?" అని సూటిగా అడిగింది. ఆమె ఏఎన్ఎం. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. నాకైతే ఊపిరాడింది. అన్నీ చెప్పేశాను. ఆ రాత్రి నన్ను ఒంటరిగా వదల్లేదు, తెల్లారి గుంటూరులో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది.

డిప్రెషన్ అన్నారాయన. నాన్న, "చిన్నప్పటి నుంచీ ఇంతే సార్, సున్నితం" అన్నారు. డాక్టరుగారు ఆ రెండింటినీ విడదీసి చెప్పారు. త్వరగా నొచ్చుకోవడం, జరిగిందాన్నే తవ్వుకోవడం, ఫస్టు రాకపోతే సున్నా అనుకోవడం, ఆవేశంలో నిర్ణయం తీసేసుకోవడం: ఇవి ఆత్మహత్య ప్రమాదాన్ని పెంచుతాయి, కానీ ఇవే జబ్బు కాదు. ఇలాంటి స్వభావమున్న వాళ్లలో చాలామందికి ఏమీ కాదు. దీనికి డిప్రెషన్, నిద్రలేమి, అవమానం తోడైతే మరింత జాగ్రత్తపడాలి. నాలో ఆయన్ని ఎక్కువ కలవరపెట్టింది ఆవేశమే. చచ్చిపోవాలనే ఆ ఉధృతి ఎప్పుడూ ఒకేలా ఉండదట, తగ్గుతుందట. తగ్గేదాకా నన్ను కాపాడాలి. అందుకే ఇంట్లో ప్రమాదమనిపించినవన్నీ తీసేయించారు. మనసు చెడుతున్నట్టు నాకెలా తెలుస్తుంది, అప్పుడేం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ నాచేతే కాగితం మీద రాయించారు.

మాత్రలు పనిచేయడానికి వారాలు పట్టింది. ఈ వయసువాళ్లని మొదట్లో దగ్గరుండి కనిపెట్టాలన్నారని అమ్మ నా పక్కనే పడుకునేది. కౌన్సెలింగ్ మొదట్లో నాకు నచ్చలేదు. మెల్లగా అలవాటైంది. మాత్రలు కూడా నా అంతట నేను ఆపలేదు, డాక్టరుగారే తగ్గిస్తూ వచ్చారు.

డిగ్రీ హాస్టల్లో ఒక రాత్రి మళ్లీ అలాగే అనిపించింది. పిన్ని ఫోన్ ఎత్తలేదు. కాగితంలో తర్వాతి నంబరు 14416, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్. 2022లో కేంద్రం మొదలుపెట్టింది. ఏ వేళప్పుడైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలి ఆమె హడావిడి పడలేదు, నీతులు చెప్పలేదు. రూమ్మేట్‌ని లేపేదాకా లైన్లోనే ఉంది.

మొన్న సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయింది. బాగా ఏడ్చాను. సప్లీ ఫీజు కట్టేశాను. పరీక్షలున్నా సరే, రాత్రి మేలుకుని మాత్రం చదవను. నాకు ముందు చెడేది నిద్రే.