అడ్డపొగ గుర్తొచ్చిన మంగళవారం

రాత్రి పది దాటింది. పొద్దున వండిన పప్పే వేడి చేసుకుని తిన్నాను. క్లినిక్ ఫారాలు పూర్తి చేస్తూ ఒక గడి దగ్గర ఆగిపోయాను. "పొగ తాగుతారా? అవును / కాదు." ఏం పెట్టాలో తోచక ఈ డైరీ తీశాను.

మంగళవారాలు నా డ్యూటీ సిడ్నీ పడమటి శివార్లలో, మౌంట్ డ్రూయిట్ వైపు గర్భిణుల క్లినిక్‌లో. వచ్చేవాళ్లలో చాలామంది అబోరిజినల్ స్త్రీలు, అంటే ఆస్ట్రేలియా మూలవాసులు. నా పక్కన వాళ్లలోంచే వచ్చిన ఆరోగ్య కార్యకర్త కూర్చుంటారు. అందరూ ఆవిడను ఆంటీ అంటారు. ఆ పిలుపు వినగానే మన ఆడవాళ్లు మొహం మాడ్చుకుంటారు గానీ, వీళ్లలో అది పెద్దరికంతో సంపాదించుకోవలసిన హోదా.

పోయిన నెల ఒక గర్భిణికి నేను పది నిమిషాలు పాఠం చెప్పాను. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఎలా ఆక్రమిస్తుందో, బిడ్డ బరువు ఎందుకు తగ్గుతుందో బొమ్మలతో సహా చూపించాను. ఆమె అన్నింటికీ తల ఊపింది. ఆ తర్వాత రెండుసార్లు రావలసిన రోజున రాలేదు. ఆంటీ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే నయంగా ఉండేది.

అందుకని ఈ రోజు వచ్చిన అమ్మాయి దగ్గర నోరు మూసుకుని కూర్చున్నాను. నాకది చిన్న పని కాదు. ఆంటీ టీ కలిపి ఇచ్చి, వాళ్ల అమ్మ గురించీ, బంధువుల గురించీ అడిగారు. పావుగంట తర్వాత సిగరెట్ సంగతి ఆ అమ్మాయే ఎత్తింది.

"రోజుకి ఇరవై తాగేదాన్ని, ఆరుకి తెచ్చాను. ఒక్కరూ బాగుందనలేదు. అందరూ ఆ ఆరు గురించే అడుగుతారు."

బిడ్డకు మంచిది కాదని ఆమెకు తెలియకపోవడం కాదు. నా బొమ్మల్లో ఉన్నదంతా నాకంటే ముందే తెలుసు. ఇంట్లో తొమ్మిది మంది, అందులో ఏడుగురు తాగుతారు. చిన్నమ్మ కూతురు పెట్టె చాచినప్పుడు వద్దంటే "మాకంటే గొప్పదానివయ్యావా" అంటుంది. వెనక మెట్ల మీద కూర్చుని తాగే ఐదు నిమిషాలే రోజంతటిలో తనవి. డబ్బు మాట నేనే అడిగాను. కొట్లో పెట్టె నలభై డాలర్లు దాటింది కదా అంటే నవ్వింది. సుంకం కట్టని సరుకు అందులో సగం కూడా ఉండదట. చివర్లో అన్న మాట మాత్రం నన్ను కదిలించింది. "నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ తాగుతూనే ఉంది. నేను నాలుగు కిలోలు పుట్టాను."

ఈ మాట నేను తెలుగులో విన్నాను. మాది శ్రీకాకుళం తీరం. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని. ఒకసారి వైద్య శిబిరంలో డాక్టరు ఆమె అంగిట్లో తెల్లమచ్చలు చూసి కోప్పడితే, "ఏడుగురిని కన్నాను బాబూ, చుట్ట మానలేదు, ఒక్కరికీ వంక లేదు" అంది. ఆ ఏడుగురిలో ఇద్దరు పాలు తాగే వయసులోనే పోయారు. అది చుట్ట వల్లేనని నేను అనలేను. ఆ ఇద్దరినీ ఆమె ఆ లెక్కలోకి ఎప్పుడూ తేలేదు, అంతే. డాక్టరు మాటకు ఆమె ఏం చేసిందంటే, మళ్లీ శిబిరానికి వెళ్లలేదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆంటీ చెప్పుకొచ్చారు. వాళ్ల తాతలు స్టేషన్లలో, అంటే తెల్లవాళ్ల పెద్ద పశువుల క్షేత్రాల్లో పనిచేస్తే కూలి కింద పిండి, చక్కెర, టీ ఆకు, పొగాకు ఇచ్చేవారట. దేశంలో చాలాచోట్ల 1960ల దాకా అదే పద్ధతి. అలవాటు చేసినవాళ్లే ఇప్పుడు మానమని కరపత్రాలు పంచుతున్నారని నవ్వారు. మరో సంగతి చెప్పేటప్పుడు నవ్వలేదు. ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1915 చట్టం తర్వాత అబోరిజినల్ తల్లిదండ్రుల నుంచి పిల్లలను ప్రభుత్వం తీసుకుపోవడానికి కోర్టు అనుమతి కూడా అక్కర్లేకపోయింది. ఆవిడ అమ్మమ్మను అలాగే తీసుకుపోయారు. ఇప్పటికీ సంక్షేమ శాఖ సంరక్షణలో ఉన్న పిల్లల్లో వీళ్ల పిల్లలే జనాభాకు మించి ఉన్నారు. "నువ్వు ప్రశ్న అడిగి కాగితం మీద రాసుకుంటావు చూడు, అక్కడే మా అమ్మాయిలకు గుండె జారుతుంది" అన్నారు. నేనేమో ఎదుటివాళ్ల ముందే రాసుకోవడం నిజాయితీ అనుకునేదాన్ని.

అంకెలు తగ్గుతూనే ఉన్నాయి. గర్భంతో ఉండగా పొగ తాగిన అబోరిజినల్ తల్లులు 2009లో దాదాపు సగం మంది ఉంటే, 2020 నాటికి నూటికి 43కి వచ్చారు. మిగతా ఆస్ట్రేలియా తల్లులతో పోలిస్తే అది నాలుగు రెట్లకు పైనే. అయినా ఆ తగ్గిన కాస్తలో ఎన్ని వెనక మెట్లు ఉన్నాయో ఈ రోజే ఆలోచించాను.

మందుల సంగతి దగ్గర మాత్రం నేను పనికొచ్చాను. పోయినసారి నికోటిన్ చూయింగ్ గమ్ వాడితే ఏమీ పనిచేయలేదని, తప్పు తనదేననీ అనుకుంటోంది ఆ అమ్మాయి. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నికోటిన్ మామూలు కంటే త్వరగా ఖర్చయిపోతుంది, అందుకే చాలినంత అందలేదు, తప్పు నీది కాదు అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది ఆ ఒక్కసారే. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో చెప్పే యంత్రంలో ఊదుతానని తనే అడిగింది. అంకె చూసి, వాళ్ల అమ్మకు పంపడానికి ఫోటో తీసుకుంది.

ఫారంలో "అవును" గడిలో టిక్ పెట్టి, పక్కన ఖాళీలో "20 నుంచి 6" అని రాశాను. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు అది ఎటూ పోతుంది.

పోయిన నెల రాకుండా పోయిన ఆమె ఇంటికి రేపు ఆంటీ వెళుతున్నారు. నేనూ కారులో వస్తానన్నాను.

"ఇప్పుడే వద్దులే" అన్నారు.