వాన పడకపోయినా దిగే మన్ను

పలమనేరు పక్కన గుట్ట వాలులో మా చేను. ట్రాక్టరు ఎక్కదు, మడక సరిగ్గా తిరగదు. నాయన కాలం నుంచీ పారతో తవ్వే చెనక్కాయలో ఉలవలో వేస్తున్నాం. ఇప్పుడు చేను పైభాగమంతా గరుసు తేలింది. కింద గెనిమ (చేని గట్టు) దగ్గరేమో మోకాలి లోతు వదులు మన్ను. "అంతా వాన చేసిన పనేరా" అంటాడు చిన్నాయన. ఈ ఒక్క విషయంలో ఆయనకూ నాకూ పడదు.

వాననీళ్లు సన్న మన్నును ఏరుకుని చెరువుకు మోసుకుపోతాయి, రాళ్లను వదిలేస్తాయి. మా గెనిమ దగ్గర తవ్వితే సన్న మన్నూ గరుసూ గులకరాళ్లూ కలిసే వస్తున్నాయి. ఇలా ఏదీ ఏరకుండా దించేది పారే.

వాలులో తవ్వే మనిషి గుట్టవైపు తిరిగే నిలబడతాడు, నడుము తక్కువ వంచొచ్చని. పార వేసి లాగితే పెళ్ల కాళ్ల దగ్గరికి, అంటే కిందికే వస్తుంది. వాలు ఎక్కువైతే ఇంకాస్త దొర్లుతుంది. కలుపు తవ్వినా అంతే. నడిమి చేలో పోయినంత మన్ను పైనుంచి వచ్చి చేరుతుంది. తలగట్టుకు పైనుంచి వచ్చేదేముంది? అందుకే ముందు బోడయ్యేది అదే. నీటి కోత తీరు వేరు, కిందికి పోయేకొద్దీ నీళ్లు కూడి బలం పెరుగుతుంది.

దుక్కితో మన్ను జరగడాన్ని అమెరికాలో మెక్, ఫ్రీ అనేవాళ్లు 1942లోనే రాశారు. మనమింకా మబ్బులవైపే చూస్తున్నాం.

వాలుకు అడ్డంగా రాతికట్టలు వేస్తే మన్ను చేను దాటదు, కొన్నేళ్లకు మెట్లు మెట్లుగా చదునవుతుంది కూడా. కానీ కట్టకూ కట్టకూ నడుమ పైపట్టీ బక్కచిక్కడం మాత్రం ఆగదు. మా చేలో అక్కడ ఉలవ జానెడు కూడా లేవదు. చైనాలో సిచువాన్ కొండల రైతులు అడుగున చేరిన మన్నును మళ్లీ పైకి మోసి పోసేవాళ్లు. మా ఊళ్లో ఈ మాట చెబితే కూలి నువ్విస్తావా అని నవ్వారు. నిజమే, ఎవరిస్తారు!

ఈసారి పైపట్టీని తవ్వకుండా గడ్డికి వదిలేస్తున్నా. కింద బెంగళూరా మామిడి, గుంత వరకే తవ్వకం, కలుపు కొడవలితో కోత. ఉలవలు వేసేచోట మాత్రం పారను అడ్డంగా లాగమన్నా. "అడ్డంగా లాగితే నడుం నీదా నాదా?" అన్నాడు చిన్నాయన. గడ్డి మాటకు మాత్రం ఒప్పుకున్నాడు, ఆవులకు మేతొస్తుందని.