ఫారంలో లేని రేకు

నిన్న మధ్యాహ్నం కప్పెక్కి పని చెయ్యడానికి పర్మిట్ చేతికొచ్చింది. రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పాత షెడ్డుకి సిమెంటు రేకులు మార్చే పని. గేట్ పాసులు, మెడికల్ ఒక్క పూటలో అయిపోయాయి. నా పరువు పోయింది మాత్రం టూల్‌బాక్స్ మీటింగ్‌లో, అంటే పని మొదలుపెట్టే ముందు ప్రమాదాల గురించి కూలీలకి చెప్పే మీటింగ్‌లో.

పనిలో ఉండే ప్రమాదాలు రాసే ఫారం నేనే నింపాను, ఇంగ్లీషులో, 14 ప్రమాదాలు. జారిపడటం, కరెంటు, పాత రేకు పగిలితే లేచే ఆస్‌బెస్టాస్ దుమ్ము, ఇలా. దాచడమెందుకు, పోయిన పని ఫారం చూసి ఎక్కించేశాను. మావాళ్లు తొమ్మిది మంది. సగం మంది బిస్సంకటక్ వైపు వాళ్లు, కువి అనే కోంధుల భాష మాట్లాడేవాళ్లు. తెలుగూ ఒడియా కలిపి గబగబా చదివి వేలిముద్రలు వేయించాను. అప్పుడొచ్చాడు సేఫ్టీ ఆఫీసరు. ఫారం ముట్టుకోలేదు. చివర నిలబడ్డ కుర్రాణ్ని అడిగాడు: "ఇక్కడ ప్రమాదం ఏంటి?"

"మీరొస్తేనే సార్. పని ఆపేస్తారని మేస్త్రి చెప్పాడు."

ఆ మేస్త్రిని నేనే, చెప్పిన మాట నిజమే. అందరూ నవ్వారు, ఆయన తప్ప. 22 ఏళ్లుగా కప్పులెక్కుతున్నవాణ్ని, నా కూలీల ముందే నిలబెట్టి తిట్టాడు. పర్మిట్ లేదు పొమ్మన్నాడు. ఇంగ్లీషు ఫారం ఇచ్చేదీ వాళ్లే, అర్థం కాలేదని తిట్టేదీ వాళ్లే!

మర్నాడు ఫారం జేబులో పెట్టి, అందరినీ షెడ్డు లోపలికి తీసుకెళ్లాను. "పైకి చూడండి. మీ కొడుకుని ఎక్కిస్తారా? ఎక్కడ అడుగు వెయ్యొద్దంటారు?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో పెద్దాయన, అందరం తాతా అంటాం, వేలు చూపించాడు. "అదిగో, వెలుతురు దిగుతున్న చోట. అది ప్లాస్టిక్ రేకు బాబూ, కాలు పెడితే పగిలిపోతుంది. పైనుంచి చూస్తే బూడిద పట్టి అన్నీ ఒక్కలాగే ఉంటాయి."

నా 14లో అది లేదు. సిమెంటు రేకు మీద కూడా నేరుగా నడవకూడదు, రేకుల్ని మోసే పర్లిన్లకి, అంటే కింది అడ్డ దూలాలకి, ఆనేలా పలకలు పరిచి, బెల్టు లైఫ్‌లైన్ తాడుకి తగిలించుకునే నడవాలి. అది నాకు తెలుసు. కానీ వెలుతురు రేకు ఎక్కడుందో కింద నుంచే చూసుకోవాలని తట్టనే లేదు.

కుర్రాళ్లు కింద నిలబడి లెక్కపెట్టారు, ఆరు. ఏ వరసలో ఎన్నోదో సుద్దతో నేల మీద బొమ్మ గీశారు. ఆఫీసరు మళ్లీ అదే కుర్రాణ్ని అడిగితే వాడు ఆ బొమ్మ చూపించి ఆరూ చెప్పాడు. పది నిమిషాల్లో సంతకం.

పని ఆగిన పూటకి తొమ్మిది మంది కూలి నా జేబులోంచే ఇచ్చాను. అది ఎవరి ఖాతాలో రాయాలో ఏ ఫారంలోనూ లేదు.