‘థిన్’ దగ్గర పోయిన మార్కులు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం డిగ్రీవాళ్లు రాసే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షకి తెలుగు మీడియం నుంచి వచ్చి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మ్యాథ్స్, రీజనింగ్ గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, వాటి జోలికి పోను. మొదటి అటెంప్ట్‌లో నన్ను ముంచింది ఇంగ్లిషు, అందులోనూ సినానిమ్స్, అంటే దగ్గరి అర్థాలున్న మాటలు.

కోచింగ్‌లో మాకో జిరాక్స్ షీట్ ఇచ్చారు. థిన్ అని రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, పక్కన స్లిమ్, స్లెండర్, లీన్, స్కిన్నీ, స్క్రానీ, లాంకీ, వైరీ, గాంట్, ఎమేషియేటెడ్... ఇలా పన్నెండు మాటలు. అన్నిటికీ కలిపి ఒకటే అర్థం: సన్నని. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని రెండు రోజులు ఎక్కాల్లా బట్టీ పట్టాను. ఆ వారమే మాక్ టెస్టులో ఒక ఖాళీ వచ్చింది. నెల రోజులుగా సరైన తిండి లేని ఖైదీల మొహాలు ఎలా కనిపించాయి అని. ఆప్షన్లలో స్లెండర్ ఉంది, గాంట్ ఉంది. రెండూ నా షీట్‌లో ఉన్నవే కదా అని స్లెండర్ పెట్టేశాను. అంటే ఆకలితో చస్తున్న ఖైదీని నాజూగ్గా ఉన్నాడన్నాను!

ఒక్క ప్రశ్నే కదా అనుకోకండి. మొదటి దశ టైర్-1లో తప్పుకి అర మార్కే పోతుంది. రెండో దశ టైర్-2లో ఇంగ్లిషు 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పయితే 1 కోత. వచ్చేది రాకపోగా చేతిలోది కూడా పోయి నాలుగు మార్కుల తేడా వస్తుంది. ఆ సంవత్సరం నేను అచ్చంగా ఇలాంటి ప్రశ్నల దగ్గరే ఆగిపోయాను.

దసరాకి ఇంటికెళ్లాను. సంచీ దించకముందే అమ్మ, "గింత బక్కగైనవేంది బిడ్డా, ఆడ తింటలేవా?" అంది. సాయంత్రం పక్కింట్లో పెళ్లిచూపులకు తయారైన అమ్మాయిని చూసొచ్చి, "పిల్ల సన్నగ, సక్కగున్నది" అంది. రాత్రి అన్నాల దగ్గర, నెల రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చిన మామయ్య మాటొస్తే, "పాపం, బొక్కలు తేలినయ్" అంది, అంటే ఎముకలు బయటికి కనిపిస్తున్నాయని. ముగ్గురూ సన్నగా ఉన్నవాళ్లే. కానీ పక్కింటి పిల్లని చూసి బొక్కలు తేలినయ్ అంటే మళ్లీ ఆ గడప తొక్కనిస్తారా? మా అమ్మ ఏ షీటూ చూడలేదు. ఎవరిని మెచ్చుకుంటోందో, ఎవరిని చూసి బాధపడుతోందో ఆమెకు తెలుసు, మాట దానికి తగ్గట్టు అదే వచ్చింది.

హైదరాబాద్ తిరిగొచ్చి ఆ షీట్ చింపేశాను. కొత్త నోట్‌బుక్‌లో ఒక పేజీ పైన థిన్ అని రాసి, ప్రతి మాట పక్కనా అర్థానికి బదులు ఒక మనిషిని రాశాను. స్లెండర్ పక్కన పక్కింటి అమ్మాయి. స్లిమ్ కూడా మెచ్చుకోలే, కాకపోతే డైటింగ్, జిమ్ వాసన కొడుతుంది. ఎమేషియేటెడ్ పక్కన మామయ్య, జబ్బుతోనో ఆకలితోనో కండ మొత్తం కరిగిపోవడం. గాంట్ దాదాపు అదే, కానీ ఎక్కువగా మొహం మీద కనిపిస్తుంది: లోతుకుపోయిన కళ్లు, పీక్కుపోయిన దవడలు. స్కిన్నీ పక్కన నేను, అమ్మ తిట్టినట్టు బక్కగా. స్క్రానీ అంటే ఇంకో మెట్టు కింద, చూడ్డానికి బాగోని బక్క, పీల. పొడుగ్గా పెరిగి చేతులూ కాళ్లూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మా బాబాయి కొడుకు లాంకీ. ఇక వైరీ దగ్గర ఎక్కువసేపు ఆలోచించాల్సిన పనే రాలేదు. కల్లు గీసే మా పెదనాయన. ఒంటి మీద చారెడు కొవ్వు ఉండదు, అరవై దాటినా తాటిచెట్టు చకచకా ఎక్కుతాడు. సన్నమే, కానీ ఇనప తీగ. వైర్ నుంచే కదా ఆ మాట!

ఇక్కడితో ఆగితే సగమే. మనం సన్నం, పలచన అని రెండుగా చూసేదాన్ని ఇంగ్లిషువాడు ఒక్క థిన్‌లో పెట్టేశాడు. దారం సన్నగా ఉంటుంది, మజ్జిగ పలచగా ఉంటుంది. మనం ఎప్పుడూ తారుమారు చేయం. కాబట్టి వాక్యంలో థిన్ కనబడగానే ముందు అది మనకు సన్నమా, పలచనా అని అడగండి. థిన్ సూప్ అంటే పలచన, జవాబు వాటరీ. థిన్ హెయిర్ అని తల గురించి అంటే పలచబడ్డ జుట్టు, జవాబు స్పార్స్. చినిగిపోయేంత పలచటి గుడ్డకి ఫ్లిమ్సీ. నిలబడని సాకు కూడా ఫ్లిమ్సీయే. ఈ ఒక్క అలవాటుతో ఆప్షన్లలో రెండు వెంటనే ఎగిరిపోతాయి. (మన భాషా తక్కువదేం కాదు లెండి. చిక్కని పాలు అంటే నీళ్లు లేనివి, చిక్కిపోయిన మనిషి అంటే కండ లేనివాడు. నేర్చుకునే పరాయివాడికి చుక్కలే!)

మనుషుల్ని వదిలేసి ఈ మాటలు వేరేచోటికి పోయినప్పుడు జంటలుగానే గుర్తుపెట్టుకోవాలి, తర్కం పని చేయదు. స్లిమ్ చాన్స్ అంటారు, స్కిన్నీ చాన్స్ అనరు. గిరాకీ లేని రోజుల్ని లీన్ సీజన్ అంటారు. తెగిపోయేలా ఉన్న సంబంధం టెన్యువస్. చాలీచాలని జీతం మీగర్. ఈ మీగర్, ఎమేషియేటెడ్ రెండూ బక్కతనం చెప్పే ఒకే లాటిన్ కుటుంబం నుంచి వచ్చాయి, అది తెలిశాక నాకు రెండూ మళ్లీ మరుపు రాలేదు.

థిన్ పక్కనే తచ్చాడుతూ మోసం చేసేవి రెండున్నాయి. హాగర్డ్ అంటే అలసటతో, దిగులుతో పాడైపోయిన మొహం. ఫ్రెయిల్ అంటే శక్తి లేకపోవడం. ఈ రెండిటికీ సన్నదనం తప్పనిసరి కాదు. గాంట్‌కి సరైన ఆప్షన్ లేనప్పుడు మాత్రం హాగర్డ్ దగ్గరి చుట్టంగా పనికొస్తుంది.

రోజుకి ఇరవై కొత్త మాటలు అనే టార్గెట్ మానేసి, రెండు రోజులకి ఒక పేజీ చొప్పున నింపాను. ఓల్డ్, చీప్, బ్రేవ్, యాంగ్రీ... మామూలు మాటలే. చీప్ పేజీలో పొదుపుగా ఉండే అమ్మ థ్రిఫ్టీ అయింది, పిసినారి అయిన మా రూమ్ ఓనర్ స్టింజీ అయ్యాడు. కొందరు బంధువులకి ఆ నోట్‌బుక్ చూపించలేను. రెండో అటెంప్ట్‌లో టైర్-2లో వొకాబ్యులరీ ప్రశ్నలు చదువుతుంటే అర్థాలకంటే ముందు మనుషులు కనిపించారు, టెన్షన్ పడాల్సి రాలేదు. ఆ ఏడాదే ఉద్యోగం వచ్చింది.

థిన్ పేజీలో స్వెల్ట్ పక్కన మాత్రం ఇప్పటికీ ఖాళీయే. సన్నగా, ఒంటికి అతికినట్టు మంచి బట్టలేసుకుని, నడకలో ఒక ఠీవి ఉండాలట. మా ఊరంతా వెతికాను, ఎవరూ దొరకలేదు.